హాజరు పట్టీలో లేని పేరు

(నరసాపురం దగ్గర ఒక పేటలోని మిషన్ ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు జ్ఞానప్రకాశం గారు, 2002 ఏప్రిల్‌లో తన పదవీ విరమణ సభలో చేసిన ప్రసంగం.)

రెండో పంట దాళ్వా కోతలు ముమ్మరంగా సాగుతున్నా, కళ్లం దగ్గర మనిషిని పెట్టి మరీ వచ్చి ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న సర్పంచ్ సత్యప్రసాద్ గారికి, నన్ను అరగంటసేపు పొగిడి పక్కనే కూర్చున్న నా భార్య రూతు చేత మూడుసార్లు దగ్గించిన మన యువ పాస్టరు ఐజాక్ గారికి, సంఘ పెద్ద లాజరు గారికి, నా దగ్గర అ ఆలు దిద్దుకుని ఇవాళ నాకే దండలు వేసిన బిడ్డలకి, వంట దగ్గర పొగలో ఉండి కూడా చెవులు ఇటే పడేసిన అక్కచెల్లెళ్లకి, పేరు చెప్పలేదని తరవాత రూతు దగ్గర అలిగేవాళ్లందరికీ నా నమస్కారాలు, వందనాలు. (నవ్వులు)

భోజనాలు పన్నెండున్నరకని చెప్పారు. ఒంటిగంట దాటింది. కోడికూర వాసన నాకూ వస్తోంది. అయినా ముప్ఫై ఒక్క సంవత్సరాలు గంట కొట్టందే మిమ్మల్ని ఎవరినీ బయటికి వదలనివాణ్ణి, ఈ ఒక్క పూటకి మారతానని మీరెవరూ ఆశపడకండి. లాజరు గారూ, ఆ గడియారం కాసేపు చొక్కా చేతి కింద దాచుకోండి.

నేను నాలుగు కాగితాల ప్రసంగం రాసుకొచ్చాను. విద్యార్థులు, క్రమశిక్షణ, తెల్ల చాక్‌పీసు గొప్పతనం, అన్నీ ఉన్నాయి అందులో. కాని ఐజాక్ గారు ఇందాక నాకు ఒక బహుమతి ఇచ్చారు, అందరూ చూశారు. ఎర్ర కేలికో గుడ్డ అంటించి, బంగారు అక్షరాలు వేయించి, రాజమండ్రిలో బైండు చేయించిన రిజిస్టరు. మీద ‘సిద్ధపాటు హాజరు పట్టీ’ అని ఉంది. ‘మాస్టారు మధ్యలో ఆపేసిన ఆ గొప్ప పరిచర్య మళ్లీ మొదలుపెట్టాలి, ఈ పేటలో ప్రతి ఒక్కరినీ ప్రభువు రాకడకి సిద్ధం చేసిన మనిషి ఈయన’ అని కూడా అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. ఐజాక్ గారు ఇక్కడికి వచ్చి ఏడాదిన్నరే అయింది, ఆయనకి తెలియదు. మీలో చాలామందికి సగం తెలుసు, మర్యాదస్తులు గనక చప్పట్లు కొట్టారు. మిగతా సగం చెప్పకుండా ఈ రిజిస్టరు ఇంటికి పట్టుకెళ్తే నాకు రాత్రి అన్నం సహించదు. అందుకని ఆ నాలుగు కాగితాలూ జేబులో పెట్టేశాను. (జేబు తట్టి చూపించారు.) రూతూ, నువ్వు కంగారు పడకు. అంతా చెప్పేస్తాను.

ఈ హాజరు సంగతి కొత్తవాళ్ల కోసం చెబుతాను. పందొమ్మిది వందల డెబ్భై నాలుగులో స్కూలుకి ఒక రిజిస్టరు ఎక్కువొచ్చింది. ఖాళీ రిజిస్టరు బీరువాలో ఉంటే నాకు నిద్ర పట్టదు, అది నా జబ్బు. సరిగ్గా అప్పుడే చర్చిలో రాకడ గురించి వరసగా ప్రసంగాలు నడుస్తున్నాయి. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదు, గనక ఎప్పుడూ మెలకువగా ఉండాలి అని. నాకు ఒక ఆలోచన వచ్చింది. పిల్లలు బడికొచ్చారో లేదో రోజూ చూస్తున్నాం గదా, పెద్దలు ప్రభువుకి సిద్ధంగా ఉన్నారో లేదో వారానికోసారైనా చూడొద్దా? అంతే. ఆదివారం ఆరాధన కాగానే తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. పేరు పిలుస్తాను. సిద్ధపడినవాళ్లు ‘సిద్ధమేనండి’ అనాలి. అంటే నల్ల సిరాతో ‘సి’. అనకపోతే ఎర్ర సిరాతో ‘గై’. గైర్హాజరు అన్నమాట. ఏడాది పొడుగునా ‘సి’ ఉన్నవాళ్లకి క్రిస్మస్‌కి స్టీలు గ్లాసు.

నవ్వకండి. ఆ గ్లాసు పెట్టాక సంఘంలో పరిశుద్ధత ఎంత పెరిగిందో మీకు తెలియదు. (నవ్వులు) లాజరు గారింట్లో పదకొండు గ్లాసులున్నాయి. శనివారం సాయంత్రం ఆయన ఎక్కడున్నా, ఎలా ఉన్నా, ఆదివారం ఉదయం ‘సిద్ధమేనండీ!’ అని ఒక్క కేక వేస్తే కాలవ అవతల గట్టు మీద కొంగలు లేచిపోయేవి. అలా ఇరవై ఐదేళ్లు నడిచింది.

అందరూ ‘సిద్ధమేనండి’ అంటుంటే ఒక్క మనిషి మాత్రం అనేవాడు కాదు. చిట్టియ్య. అదిగో, ఆఖరి బెంచీలో, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సర్పంచ్ గారి దగ్గర ముప్ఫై ఏళ్లుగా పాలేరు. సెంటు భూమి లేదు. నేను ‘చిట్టియ్య!’ అని పిలుస్తాను. అతను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ‘ఇంకా లేదండి’ అంటాడు. మొదటి ఆదివారం నేను ప్రేమగా, ‘పరవాలేదు, వచ్చే వారానికి సిద్ధపడు’ అన్నాను. వచ్చే వారం, ‘ఇంకా లేదండి.’ ఆ తరవాతి వారం, ‘ఇంకా లేదండి.’ మొదటి ఏడాది ఉపదేశించాను. రెండో ఏడాది కసిరాను. మూడో ఏడాది నుంచి పేరు పిలిచి, జవాబు వినకుండానే ఎర్ర సిరా అద్దేవాణ్ణి. పదమూడు వందల ఆదివారాలు. ఒక ఎర్ర సిరా సీసా మొత్తం ఇతని కోసమే అయిపోయింది. పిల్లలకి చెడ్డ ఉదాహరణ కావలసి వస్తే, ‘చిట్టియ్యలా కాకండిరా’ అని బళ్లో అన్నాను. ఇదిగో, ఇక్కడ దండలేసిన పిల్లల్లో విన్నవాళ్లు ఉన్నారు, తల దించుకుంటున్నారు. మీరెందుకర్రా దించుకోవడం, అన్నది నేను.

ఇక తొంభై తొమ్మిది సంగతికొస్తాను. ఆ నవంబరులో ఎవరో ఒక బోధకుడు జీపులో మైకు పెట్టుకుని మన పేటకొచ్చాడు. ఏ ఊరో, ఏ సంఘమో అడగలేదు, మైకు బాగుంది గదా అని చర్చి ముందు చోటిచ్చాం. గోడంత గుడ్డ మీద బాణాలు, గళ్లు, అంకెలు గీసిన పటం కట్టాడు. డిసెంబరు ఆఖరికల్లా అంతా అయిపోతుందని, ప్రభువు వచ్చేస్తాడని, మూడు సాయంత్రాలు చెప్పి, నాలుగో రోజు జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ తరవాతి ఆదివారం హాజరు వేశాను. ఏం చెప్పమంటారు! ఎప్పుడూ చర్చి మెట్లెక్కని వాళ్లు కూడా వచ్చి, ‘మాస్టారూ, నా పేరు చేర్చండి’ అని వరస కట్టారు. పేజీ నిండా నల్ల సిరా. చిట్టియ్య తప్ప నూటికి నూరు శాతం. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నా స్కూల్లో కూడా అంత హాజరు ఎప్పుడూ లేదండి. ఇన్స్‌పెక్టరు వచ్చే రోజున కూడా లేదు. (నవ్వులు)

మన పేట ఆ నెల ఎలా ఉందో గుర్తుందా? లాజరు గారు, వారి తమ్ముడు పొలం గట్టు తగాదాతో తొమ్మిదేళ్లుగా మాట్లాడుకోవడం మానేశారు గదా. డిసెంబరు మొదటి వారంలో చర్చి మెట్ల మీద కౌగిలించుకుని ఏడ్చారు, మేమూ ఏడ్చాం. జనవరిలో నాట్లు, ఊడ్పులు మొదలయ్యేసరికి పాపం మళ్లీ ఆ దెబ్బలాట మొదటినుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. లాజరు గారింటి కోళ్లన్నీ పక్కింటి నాగదుర్గ గారికి దానం చేసేశారు. ఆవిడ గుళ్లో దీపం పెట్టుకునే మనిషి, అయినా కోళ్లు పుచ్చుకుంటూ, ‘అలాగే అన్నయ్యగారూ, వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తున్నారు, ఆ కొబ్బరిచెట్టు కాయల దింపు కూడా మమ్మల్నే తీసుకోమంటారా?’ అని చాలా మర్యాదగా అడిగారు. జనవరిలో కోళ్లు తిరిగి అడగడానికి మొహం చెల్లక లాజరు గారు గుమ్మంలో తచ్చాడుతుంటే, ఆవిడే, ‘మీ కోళ్లు మీరు పట్టుకెళ్లండి, పెట్టిన గుడ్లు మాత్రం మేం తినేశాం’ అన్నారు. సత్యప్రసాద్ గారు కూడా ఒకరోజు నన్ను రేవు దగ్గర ఆపి, ‘మీ దేవుడి విషయంలో నేను జోక్యం చేసుకోకూడదు మాస్టారూ, కాని మీరంతా ఒకేసారి వెళ్లిపోతే నా ఊడ్పుల మాటేంటండి? ఓ నెల ఆగి వెళ్లడానికి వీలుపడదా?’ అన్నారు. అన్నారా లేదా? అన్నారు. అధ్యక్షులవారు ఒప్పుకుంటున్నారు. (నవ్వులు)

ఇదంతా నవ్వుకునే మాట. నవ్వలేని మాట ఒకటుంది. డిసెంబరంటే మనకి దాళ్వా నారుమళ్లు పోసే నెల. కాలవ నీళ్లొచ్చే రోజులు. మన పేటలో ఇరవై రెండు కుటుంబాలు ఎకరం, అరెకరం చొప్పున కౌలుకి చేసుకుంటాయి, ఏప్రిల్ గింజ మీదే ఏడాది గడవాలి. ఆ ఇరవై రెండు ఇళ్లలో ఒక్కరు కూడా విత్తనం నానబెట్టలేదు. ‘నారు పోసేవాడు రాకడని నమ్మనట్టే గదా’ అని ఎవరో అన్నారట, అంతే, ఒకరిని చూసి ఒకరు ఆగిపోయారు. ప్రభువు వచ్చి చూస్తే చేతికి బురద ఉంటుందని భయపడ్డ రైతులు లోకంలో మనం ఒక్కళ్లమే అయ్యుంటాం.

ఇప్పుడు నా సంగతి. నేను నమ్మానా? నమ్మలేదండి. రాకడని నమ్మాను, ఇవాళా నమ్ముతాను, ఆయన వస్తాడు. ఆ పటాన్ని నమ్మలేదు. గడియ ఎవరికీ తెలియదని పాతికేళ్లు చెప్పినవాణ్ణి, జీపులో వచ్చినవాడికి తెలిసిందంటే ఎలా నమ్ముతాను? అదే డిసెంబరులో స్కూలు కప్పుకి కొత్త రేకులు కావాలని, వచ్చే జూన్ లోపల ఇప్పించమని మిషన్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. కొత్త సంవత్సరం క్యాలెండరు కొని మేకుకి తగిలించాను. మా రూతు లేసు అల్లడం ఒక్కరోజు మానలేదు. పేటలో ఆడవాళ్లంతా లేసు సూదులు పక్కన పెట్టేస్తే, ‘నువ్వూ ఆపకపోతే బాగుండదేమో’ అన్నాను. ‘లేసు ఏజెంటు శనివారం వస్తానని చెప్పాడండి, ప్రభువు ఏ వారమో చెప్పలేదు’ అంది.

కాని నేను నోరు విప్పలేదు. చర్చిలో నిలబడి, ‘అమ్మా, నాయనా, పటం తప్పు, వెళ్లి నారు పోసుకోండి’ అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఎందుకంటే చెబితే మరుసటి ఆదివారం సగంమంది రారు. నా నూరు శాతం పోతుంది. ఇదండీ కారణం. దీనికంటే గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని రెండేళ్లుగా వెతికాను, లేదు. పైగా మేం కౌలుకి చేసే ఎకరానికి కూడా నారు పొయ్యలేదు. పట్టీ రాసేవాడే నారు పోస్తే జనం ఏమనుకుంటారని. రూతు ఆ రోజు అన్నమాట నాకిప్పటికీ చెవిలో ఉంది: ‘నమ్మితే కాళ్లు కడుక్కుని కూర్చోండి. నమ్మకపోతే బయటికెళ్లి చెప్పండి. రెండూ కాకుండా ఇలా వాకిట్లో తిరగడమేంటండీ?’



జనవరి ఒకటో తారీఖు పొద్దున్న అందరం తెల్లబట్టల్లో చర్చికొచ్చాం. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఆరాధన అయ్యాక లాజరు గారు మెల్లిగా వచ్చి, ‘మాస్టారూ, ఇవాళ హాజరు వేస్తారాండి?’ అన్నారు. వెయ్యలేదు. బయట కాలవ నిండుగా పారుతోంది, మన పొలాలు బోడిగా ఉన్నాయి. సారిక, పేటలో అందరికంటే చిన్న కోడలు, తెల్లచీర కొంగు నోట్లో కుక్కుకుని గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే చూశాను. ఏడు నెలల గర్భిణి. ఆ ఏడుపు నా వల్లనని ఆ అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు.

రెండు రోజుల తరవాత కాలవ గట్టెంట నడుస్తూ సర్పంచ్ గారి పొలం దాకా పోయాను. పక్కన ఎకరం మేర నారుమడి, ముదురాకుపచ్చగా, దుప్పటి పరిచినట్టు ఉంది. అందులో మోకాళ్ల దాకా దిగి చిట్టియ్య నారు కట్టలు కడుతున్నాడు. ఆ రోజు మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు ఉన్నవున్నట్టు చెబుతాను.

‘ఏంటి చిట్టియ్యా, దొరగారికి ఈసారి ఇంత నారా?’ అన్నాను.

‘దొరగారిది అవతల చెక్కండి. ఇది మన పేటోళ్లదండి.’

‘పేటవాళ్లు పొయ్యలేదు గదా?’

‘పొయ్యలేదనేనండి నేను పోసింది. దొరగారిని అడిగితే ఈ ఎకరం చెక్క వాడుకోమన్నారండి. ఏడు బస్తాల ఇత్తనం కూడా ఇచ్చేరండి.’

‘మరి ప్రభువు వచ్చేసుంటే ఈ నారంతా ఏమయ్యేది?’

‘మనమెల్లిపోతే దొరగారు ఊడ్చుకుంటారు గదండి. ఆయనెలాగూ ఇక్కడే ఉంటారు గదా!’

(పెద్ద నవ్వులు) క్షమించాలి సత్యప్రసాద్ గారూ, అది అతని వేదాంతం, నాది కాదు. (నవ్వులు)

నేను అప్పుడు గట్టు మీద కూర్చుండిపోయాను. పాతికేళ్లుగా అడగాల్సింది ఆ రోజు అడిగాను. ‘చిట్టియ్యా, ప్రతి ఆదివారం ఇంకా లేదు, ఇంకా లేదు అంటావు. నీకేం అడ్డమొచ్చింది?’

చిట్టియ్య కట్ట ముడివేసి నీళ్లలో జాడించి గట్టు మీద పెట్టి, ‘అబద్ధం చెప్పలేనండి’ అన్నాడు. ‘వారం తిరిగేసరికి ఎవరికో ఒకరికి సేస్తానన్న పని ఒకటి మిగిలిపోతాదండి. ఒకళ్ల ఇంటికి తాటాకు ఎయ్యాలి, ఒకళ్ల గేదెకి మందెయ్యాలి, ఒకళ్లని ఆ మజ్జిన తిట్టేను, ఎల్లి మాట్లాడాలి. అది మిగిలుండగా సిద్ధమేనండీ అని ఎలాగనండి? ఆయనొచ్చి, మరి ఆ తాటాకు మాటేంట్రా చిట్టిగా అంటే నేనేం సెప్పనండి? మీరు ఎర్రసిరా ఏత్తారని తెలుసండి. ఏసుకుంటే ఏసుకున్నారులే, మాస్టారి పని అది అనుకున్నానండి.’

ఇది విన్నాక మామూలు మనిషైతే ఏం చేస్తాడు? అతని కాళ్ల మీద పడతాడు, లేదా కనీసం ఆదివారం చర్చిలో చెబుతాడు. నేను హెడ్మాస్టర్ని గదా! ఆ ఆదివారం చర్చిలో నిలబడి, ‘సర్పంచ్ గారి దయ వల్ల మనకి నారు దొరికింది’ అని ప్రకటించాను. చిట్టియ్య పేరెత్తలేదు. ఎత్తితే, సిద్ధంగా లేనివాడు నారు పోశాడు, సిద్ధంగా ఉన్నవాళ్లంతా చేతులు ముడుచుకుని కూర్చున్నారు అని తేలుతుంది, అప్పుడు నా పట్టీ ఏమవుతుంది? సర్పంచ్ గారిని పిలిచి శాలువా కప్పాం. ఆయన, ‘నాదేం లేదండి, మా చిట్టియ్య’ అని ఏదో అనబోయారు. పెద్దమనిషి వినయం అనుకుని మీరు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టి ఆ మాట వినిపించకుండా చేశారు. ఆ చప్పట్లు మొదలుపెట్టింది నేనే. అది కూడా చెప్పేస్తున్నాను. ఇరవై రెండు ఇళ్లకీ నారు పోసి పంచింది చిట్టియ్య, సర్పంచ్ గారి పాలేరుగా తెచ్చిచ్చాడనుకున్నారు మీరు. ఆ ఏప్రిల్‌లో మన ఇళ్లలో గింజ ఉందంటే, బాలింత సారికకి గంజి దొరికిందంటే, ఈ మనిషి వల్ల. అతను ఇన్నాళ్లూ ఒక్క ముక్క ఎవరితోనూ అనలేదు. పేజీలు అయిపోయాయి అని చెప్పి నేను పట్టీ ఆపేశాను. అదీ అబద్ధమే. ఇంకా నలభై పేజీలున్నాయి.

ఏంటండి? అధ్యక్షులవారు ఏదో అంటున్నారు. ఆ శాలువా ఇంట్లో మడత కూడా విప్పకుండా ఉందట, ఇప్పుడే మనిషిని పంపిస్తారట. పంపండి, పంపండి. చిట్టియ్యా, వద్దనకు, కోడికూర తినడానికి వచ్చినవాడివి ఎలాగూ ఉంటావు గదా. (నవ్వులు)

పట్టీ ఆపేసిన సాయంత్రం పాతవి ఆరు రిజిస్టర్లూ ముందేసుకుని కూర్చుంటే రూతు వచ్చి పేజీలు తిరగేసింది. తిరగేసి తిరగేసి, ‘ఏవండీ, ఇందులో మీ పేరు ఎక్కడుంది?’ అంది. వెతికాం. లేదు. పాతికేళ్లలో ఒక్క ఆదివారం కూడా లేదు. పిలిచేవాడు తన పేరు తను పిలుచుకోడు గదండీ, ఏ బళ్లోనైనా అంతే. ‘అయితే మిమ్మల్ని ఎవరూ అడగలేదన్నమాట’ అంది. అంతే అంది, వెళ్లి లేసు తీసుకుని కూర్చుంది.

అందుకని ఐజాక్ గారూ, మీ బహుమతి కాదనను. తీసుకుంటాను. ఇదిగో, పెన్ను తీశాను, మీ అందరి ముందు మొదటి గీత మీద మొదటి పేరు రాస్తున్నాను. జ్ఞానప్రకాశం. ఇందులో ఇంకో పేరు ఉండదు. మీ పేర్లు అడిగే హక్కు నాకు లేదు, మీరు ఆయనకే చెప్పుకోండి. చిట్టియ్యా, ఇలా రా. రావయ్యా, దారివ్వండర్రా. చదవడం రాకపోయినా పరవాలేదు, ఒక్కటే పేరు, నీకు నోటికొచ్చు. మైకు దగ్గర నిలబడి పిలు. నేను పదమూడు వందల సార్లు పిలిచాను, నువ్వు ఒక్కసారి పిలు.

(చిట్టియ్య మైకు దగ్గరికి వచ్చి, ‘మాస్టారండీ!’ అని పిలిచాడు.)

ఇంకా లేదండి.



ఒకరికి చెయ్యాల్సింది ఒకటి మిగిలిపోయింది, అందుకని. చిట్టియ్యా, పదమూడు వందల సార్లు నీ పేరు పక్కన ఎర్ర సిరా పూశాను. పిల్లల ముందు నిన్ను చెడ్డ చేశాను. నువ్వు చేసిన మేలు వేరేవాళ్ల భుజం మీద కప్పాను. నన్ను క్షమించు. (రూతు గారు మంచినీళ్ల గ్లాసు అందించారు.) ఈ గ్లాసు కూడా స్టీలుదే.

ఏంటి చిట్టియ్యా? గట్టిగా చెప్పు, వెనకవాళ్లకి వినపడలేదు. ఏమంటున్నాడో తెలుసాండి? ‘నేనప్పుడే మర్చిపోయానండి, అయినా అడిగేరు గదా, అయిపోయింది’ అంటున్నాడు. మరి ఇప్పుడు సిద్ధమేనండి అని రాసుకోవచ్చా అని అడిగితే తల అడ్డంగా ఊపుతున్నాడు. వారం మధ్యలో ఇంకోటేదో మిగుల్తుందట. ‘ఆదివారం మళ్లీ పిలుత్తానండి, అప్పుడు సూసుకుందాం’ అంటున్నాడు.

వచ్చే ఆదివారం చర్చి తలుపు దగ్గర కుర్చీలో చిట్టియ్య కూర్చుంటాడు, నేను చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడతాను. ఈలోగా ప్రభువే వస్తే ఆయన పిలుస్తాడు. ఎవరు పిలిచినా నిజమే చెబుతాను. ఇంతమంది ఇంత ప్రేమగా పంపిస్తున్నందుకు, ఇంత ఆకలిలోనూ విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. వడ్డన మొదలుపెట్టమని చెప్పండి, మొదటి విస్తరి చిట్టియ్యకి. సెలవు.